డేటా నింపడం నేర్పారు సరే.. చదవడం నేర్పేదెప్పుడు? బడి మానేసే పిల్లల్ని ముందే గుర్తించాలంటే టీచర్లకు కావాల్సిందేంటి?

గుడివాడ: ఉదయం బడి గంట కొట్టగానే మన సర్కారు బడుల్లో పాఠం కంటే ముందు మొదలయ్యే పని ఒకటుంది. అదే ఫోన్‌లో హాజరు వేయడం. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎంతమందికి భోజనం పెట్టాలి, ఏ పరీక్షలో ఎవరికెన్ని మార్కులొచ్చాయి.. అన్నీ యాప్‌లో నింపాల్సిందే. టీచర్లు నింపుతున్నారు కూడా. మరి ఆ లెక్కలన్నీ పైకి వెళ్లాక, చదువు మానేసే ప్రమాదంలో ఉన్న పిల్లాడి గురించి కిందికి ఏం తిరిగొస్తోంది? వచ్చినా, దాంతో ఏం చేయాలో క్లాస్ టీచర్‌కి ఎవరైనా నేర్పుతున్నారా?

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఏటా లక్ష మందికి పైగా పిల్లల భవిష్యత్తు దీని చుట్టూనే తిరుగుతోంది.

లక్షా 15 వేల మంది ఒక్కరోజులో ఫెయిల్ కాలేదు

2025 ఏప్రిల్ 23న వచ్చిన ఏపీ పదో తరగతి ఫలితాలు ఒకసారి గుర్తుచేసుకుందాం. 6,14,459 మంది పరీక్ష రాస్తే 4,98,585 మంది పాసయ్యారు. అంటే 81.14 శాతం. మనం ఆ శాతం చూసి వదిలేస్తాం. మిగిలినవాళ్లు ఎంతమంది? 1,15,874 మంది. అమ్మాయిల్లో 84.09 శాతం పాసైతే, అబ్బాయిల్లో 78.31 శాతమే. పార్వతీపురం మన్యం జిల్లా 93.90 శాతంతో మొదటి స్థానంలో ఉంటే, అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో చివర్లో ఉంది. రెండూ ఏజెన్సీ ప్రాంతాలున్న జిల్లాలే. అంటే పేదరికం, దూరం అని ఒక్క మాటలో తేల్చేసే లెక్క కాదిది.

ఫలితాలు పడిపోతే మనకు వెంటనే గుర్తొచ్చేది వంద రోజుల ప్రణాళిక. డిసెంబర్‌లో మొదలుపెట్టి స్లిప్ టెస్టులు, అదనపు క్లాసులు, వెనకబడినవాళ్లకు విడిగా బోధన. అది తప్పు కాదు. చివరి నిమిషంలో కొంతమంది గట్టెక్కుతారు. కానీ పదో తరగతి డిసెంబర్‌లో గుర్తించామంటే ఆలస్యంగా గుర్తించినట్టే. అసలు చాలామంది ఆ పదో తరగతి దాకా కూడా రారు.

ఈ విషయంలో అమెరికాలో జరిగిన రెండు అధ్యయనాలు చెప్పింది చాలా సూటిగా ఉంటుంది. ఫిలడెల్ఫియా నగరంలో ఆరో తరగతి పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2007లో ఓ పరిశోధన ప్రచురించారు. హాజరు 80 శాతం కంటే తగ్గడం, లెక్కలు లేదా ఇంగ్లిష్‌లో ఫెయిలవడం, ప్రవర్తన తేడాగా ఉండడం.. వీటిలో ఏ ఒక్కటి ఆరో తరగతిలో కనిపించినా, ఆ పిల్లలు హైస్కూలు చదువు పూర్తిచేసే అవకాశం బాగా తగ్గిపోతోందని తేలింది. షికాగోలో 2005లో వచ్చిన అధ్యయనం తొమ్మిదో తరగతి మీద దృష్టి పెట్టింది. ఆ ఒక్క ఏడాది సబ్జెక్టులు తప్పకుండా దాటినవాళ్లు, దాటనివాళ్లతో పోలిస్తే, మూడున్నర రెట్లు ఎక్కువగా చదువు పూర్తిచేశారు.

అంటే ఏంటన్నమాట? దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. హాజరు పట్టీ, మార్కుల రిజిస్టర్ చాలు. ఈ రెండూ మన ప్రతి బడిలో, ప్రతి టీచర్ బల్ల మీద ఉన్నాయి. లేనిదల్లా వాటిని ఆ కళ్లతో చూసే అలవాటు.

యంత్రం పేర్లు చెప్పింది.. తర్వాత?

ఈ పని మన రాష్ట్రానికి కొత్త కాదు. మైక్రోసాఫ్ట్‌తో కలిసి రాష్ట్ర ప్రభుత్వం బడి మానేసే పిల్లల్ని ముందే అంచనా వేసే వ్యవస్థను తయారుచేయించింది. పిల్లల మార్కులు, ఇంటి ఆర్థిక పరిస్థితి, బడిలో వసతులు, టీచర్ల వివరాలు అన్నీ కలిపి కంప్యూటర్‌కి ఇచ్చారు. 2018-19 విద్యా సంవత్సరానికి ఒక్క విశాఖపట్నం జిల్లాలోనే 19,500 మందికి పైగా బడి మానేసే అవకాశముందని ఆ వ్యవస్థ లెక్క తేల్చింది. అప్పట్లో దేశమంతా దీని గురించి మాట్లాడుకున్నారు.

అయితే ఇక్కడే ఓ విషయం ఆలోచించాలి. అంచనా అంటే పేరు దొరకడం వరకే. ఆ పేరు పట్టుకుని ఎవరింటికి వెళ్లాలి, ఏం అడగాలి, ఏం చేయాలి అన్నది యంత్రం చెప్పదు. అది చేయాల్సింది టీచరే. 19,500 పేర్ల జాబితా ఓ కలెక్టర్‌కి ఉపయోగపడొచ్చు. క్లాస్ టీచర్‌కి కావాల్సింది తన 40 మందిలో ముగ్గురి పేర్లు, ఆ ముగ్గురి కారణాలు.

కాగితం ఇచ్చారు.. మార్కులు కదల్లేదు

ఈ మాట ఊరికే అనడం లేదు. ఇరవై ఏళ్ల కిందటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి గట్టి రుజువు దొరికింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఓ పెద్ద ప్రయోగం చేశారు. లాటరీ పద్ధతిలో 100 బడులు ఎంచుకున్నారు. 2005-06 విద్యా సంవత్సరం మొదట్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏది వచ్చు, ఏది రాదు అని వివరంగా రిపోర్టులు తయారుచేసి టీచర్లకు ఇచ్చారు. వాటిని ఎలా వాడుకోవాలో కూడా రాసిచ్చారు. మధ్య మధ్యలో వెళ్లి క్లాసులు గమనించారు.

ఏడాది చివర చూస్తే ఏమైంది? గమనించడానికి మనుషులు వచ్చినప్పుడు టీచర్లు ఎక్కువ కష్టపడ్డారు. పిల్లల మార్కుల్లో మాత్రం, ఆ రిపోర్టులు అందని బడులతో పోలిస్తే తేడా కనిపించలేదు. 2010లో ప్రచురించిన ఈ ఫలితం ఇప్పటికీ ప్రపంచవ్యాప్తంగా చర్చకు వస్తూనే ఉంటుంది.

ఇంకో ఆసక్తికర విషయం కూడా ఉంది. పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన వేరే బడులు కొన్ని ఉన్నాయి. వాటికీ ఇవే రిపోర్టులు వెళ్లాయి. అక్కడ మాత్రం 'రిపోర్టు ఉపయోగపడింది' అని చెప్పిన టీచర్ల పిల్లలు మెరుగ్గా చదివారు. అంటే రిపోర్టులో లోపం లేదు. దాన్ని వాడి తీరాలి అన్న కారణం ఒకటి టీచర్‌కి ఉన్నచోట అది పనికొచ్చింది. లేనిచోట బీరువాలోకి వెళ్లింది. దీనర్థం డబ్బులిస్తేనే పనిచేస్తారని కాదు. సమాచారం ఇచ్చేశాం, ఇక మా బాధ్యత తీరింది అనుకుంటే కుదరదని అర్థం.

ఇప్పుడు కాగితం స్థానంలో యాప్ వచ్చింది. 2025లో పాత యాప్‌లన్నిటినీ కలిపి లీప్ పేరుతో ఒకే యాప్ తెచ్చారు. టీచర్ల నెత్తిన బరువు తగ్గించే ప్రయత్నంగా అది మంచిదే. కానీ ఆ 100 బడుల పాఠం మాత్రం అలాగే ఉంది.

ఆ సోమవారాలు చెప్పే కథ

డేటా చదవడం అంటే ఏంటో చూడ్డానికి ఓ ఉదాహరణ ఊహించుకుందాం. నందివాడ వైపు ఓ ఊళ్లో ఎనిమిదో తరగతి కుర్రాడు. బడులు తెరిచిన దగ్గర్నుంచి సెప్టెంబర్ చివరిదాకా 70 పనిదినాలు అనుకుంటే, 14 రోజులు రాలేదు. యాప్‌లో చూస్తే హాజరు 80 శాతం. పథకాలకు పెట్టే 75 శాతం గీత దాటే ఉన్నాడు. ఎర్ర గుర్తు పడదు. ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు అదే టీచర్ పాత హాజరు పట్టీ తెరిచి, అడ్డంగా కాకుండా నిలువుగా చూశారనుకుందాం. రాని 14 రోజుల్లో 11 సోమవారాలే! అప్పుడు ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, బాబు సోమవారాలు రావట్లేదు, ఒంట్లో బాగానే ఉంటోందా?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. "వాళ్ల నాన్న చేపల చెరువు మీద కాపలా ఉంటున్నారు మాస్టారూ. ఆదివారం అన్నం పట్టుకెళ్తాడు. రాత్రికి అక్కడే ఉండిపోతాడు. పొద్దున్నే తిరిగొచ్చే ఆటో దొరకదు" అని ఆ తల్లి చెబుతుంది.

అదే సోమవారం మొదటి పీరియడ్ లెక్కలైతే, లెక్కల మార్కులు ఎందుకు సగానికి పడిపోయాయో కూడా అప్పుడే అర్థమవుతుంది. ఆ కుర్రాడికి తెలివి తక్కువ కాదు. పదకొండు లెక్కల క్లాసులు పోయాయి. దీనికి పరిష్కారం కోట్లు ఖర్చయ్యేదా? అన్నం శనివారమే పంపే ఏర్పాటో, ఆదివారం చీకటి పడకముందే తిరిగొచ్చే ఏర్పాటో, సోమవారం పోయిన లెక్కలకు మంగళవారం అరగంట కూర్చోబెట్టడమో.. ఇంతే. ఇప్పుడు పట్టుకోకపోతే మాత్రం తొమ్మిదికి వచ్చేసరికి సోమవారాలతో పాటు మంగళవారాలూ పోతాయి. ఆ తర్వాత చెరువు గట్టు మీద కాపలాకి తండ్రితో పాటు కొడుకూ ఉంటాడు.

శాతం చూస్తే కనపడనిది తేదీలు చూస్తే కనపడింది. శిక్షణ అంటే ఇది నేర్పడం.

మన డెల్టా క్యాలెండర్ తెలియకపోతే లెక్క తప్పుతుంది

ఈ ప్రాంతం సంగతే తీసుకుందాం. కింది కృష్ణా డెల్టాలో బడి క్యాలెండర్ ఒకటి, బతుకు క్యాలెండర్ ఇంకొకటి. సార్వా నాట్లకు, కోతలకు, ఆ తర్వాత మినుము పీకుడుకు కూలి ఇళ్లలో పెద్దలంతా పొలంలోనే ఉంటారు. చంటిపిల్లల్ని చూసుకునే పని ఇంట్లో పెద్ద ఆడపిల్ల మీద పడుతుంది. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులు పట్టే రోజుల్లోనూ ఇదే పరిస్థితి. ఆ రోజుల్లో ఏడో తరగతి అమ్మాయి వరుసగా వారం రాకపోతే, ఆమె చెల్లెలో తమ్ముడో అంగన్‌వాడీకి వెళ్తున్నారా లేదా అని కూడా చూడాలి. పెద్దదాని హాజరుకి మందు చిన్నదాని అంగన్‌వాడీలో ఉండొచ్చు.

మచిలీపట్నం, గిలకలదిండి వైపు వెళ్తే లెక్క మళ్లీ మారుతుంది. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. బడులు తెరిచేది కూడా జూన్ 12 ప్రాంతంలోనే. అంటే రెండు నెలల తర్వాత బోట్లు కదిలే రోజులూ, కొత్త తరగతి మొదటి రోజులూ ఒకటే అన్నమాట. ఎనిమిది నుంచి తొమ్మిదికి మారే మత్స్యకార కుర్రాడు జూన్ చివరికి ఒక్కసారి కూడా బడి గడప తొక్కలేదంటే, ఆగస్టు దాకా ఆగి కారణం అడగడం వల్ల ఉపయోగం ఉండదు.

వరదలు, తుపాన్ల సంగతి సరేసరి. 2024 సెప్టెంబర్ వరదల్లో నందివాడ మండలంలో ఊళ్లకు ఊళ్లే నీటిలో చిక్కుకున్నాయి. ఆ రోజుల గైర్హాజరు పిల్లల తప్పు కాదు, ప్రమాద సూచిక అంతకన్నా కాదు. కానీ నీళ్లు తీశాక రెండు వారాలైనా తిరిగి రాని పిల్లాడున్నాడే, అతని పేరు కింద గీత గీయాలి. రాష్ట్రమంతటికీ ఒకే సూత్రంతో నడిచే యంత్రానికి ఈ తేడా తెలియదు. ఊళ్లో టీచర్‌కి తెలుస్తుంది. అందుకే ఈ శిక్షణ అమరావతి నుంచి ఒకే వీడియోగా వస్తే సరిపోదు.

75 శాతం గీత.. రెండు వైపులా చిక్కే

ఇక్కడ ఓ చేదు నిజం కూడా మాట్లాడుకోవాలి. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి నుంచి ఇప్పటి తల్లికి వందనం దాకా, తల్లి ఖాతాలో పడే సాయానికి 75 శాతం హాజరు నిబంధన ముడిపడి ఉంది. పిల్లల్ని బడికి పంపాలన్న ఉద్దేశం మంచిదే. కానీ విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. 75 శాతం అంటే 165 రోజులు. అంటే 55 రోజులు రాకపోయినా గీత దాటినట్టే! అదే చాలా దేశాల్లో పది శాతం రోజులు పోతేనే ప్రమాదం కింద లెక్కిస్తారు. మన 220 రోజుల్లో అది 22 రోజులు. 22కీ, 55కీ మధ్య ఉన్న పిల్లలు మన లెక్కల్లో కనిపించరు. సహాయం చేస్తే తేలిగ్గా నిలబడేది సరిగ్గా వాళ్లే.

రెండో చిక్కు ఇంకా సున్నితమైంది. హాజరు తగ్గితే ఆ ఇంటికి వచ్చే డబ్బు ఆగిపోతుందంటే, తెలిసి తెలిసి ఓ పేద తల్లి పొట్ట కొట్టడానికి ఏ టీచర్‌కైనా చేయి వస్తుందా? జాలితో ఓ టిక్కు అదనంగా పడితే దాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ ఆ టిక్కుతోనే ముందస్తు హెచ్చరిక కూడా చచ్చిపోతుంది. ఒకే అంకెను అటు డబ్బుకూ, ఇటు సాయానికీ వాడితే రెండోది నమ్మడానికి వీల్లేకుండా పోతుంది.

మార్కుల సంగతీ అంతే. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ మధ్యప్రదేశ్‌లో అధికారిక పరీక్ష రాసిన పిల్లలకే, అవే ప్రశ్నలతో విడిగా మళ్లీ పరీక్ష పెట్టి చూశారు. అసలు స్థాయి కంటే అధికారిక మార్కులు చాలా ఎక్కువగా ఉన్నాయని తేలింది. మన ఆంధ్రప్రదేశ్‌లో చేసిన పరిశీలనలో కాగితం పరీక్షల కంటే ట్యాబ్‌ల మీద పెట్టిన పరీక్షల్లో ఈ తేడా బాగా తగ్గింది. మార్కులు తక్కువొస్తే టీచర్‌కి మెమో వస్తుందన్న భయం ఉన్నంతకాలం, నిజమైన మార్కు పేజీ మీదకు రాదు. నిజమైన మార్కు రాకపోతే వెనకబడిన పిల్లాడు ఎవరో తెలియదు. అందుకే శిక్షణకు ముందు అధికారులు ఇవ్వాల్సిన హామీ ఒకటుంది. 'మీ క్లాసులో ప్రమాదంలో ఉన్న పిల్లల పేర్లు ఎక్కువ ఉంటే అది మీ తప్పుగా లెక్కించం' అన్న హామీ.

మరి శిక్షణలో ఏం ఉండాలి?

జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రతి టీచర్‌కి ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలి. గంటలకు కొరత లేదు. అందులో ఏం చెబుతున్నామన్నదే ముఖ్యం. యాప్‌లో ఏ బటన్ నొక్కాలో చెప్పే శిక్షణ వేరు. నొక్కాక వచ్చిన అంకెతో ఏం చేయాలో చెప్పే శిక్షణ వేరు. రెండో దాంట్లో నాలుగు మెట్లు ఉండాలి.

మొదటిది, మూడు గుర్తులు చూడడం. నెలలో నాలుగు రోజులకు మించి రాకపోవడం, తన తరగతి స్థాయి పేరా చదవలేకపోవడం, కిందటిసారి కంటే మార్కులు ఒక్కసారిగా పడిపోవడం. ఈ మూడింటిలో రెండు ఒకే పిల్లాడిలో కనిపిస్తే ఆ పేరు రాసుకోవాలి.

రెండోది, కారణం అడగడం. ఇది అన్నిటికంటే కష్టం. "రాకపోతే డబ్బులు ఆగిపోతాయి" అని మొదలుపెడితే ఆ తల్లి నోరు మూసుకుంటుంది. "ఏమైందమ్మా?" అని మొదలుపెడితే చెబుతుంది. ఈ తేడాను క్లాసులో చెప్పి వదిలేస్తే రాదు. టీచర్లు ఒకరితో ఒకరు అలా మాట్లాడి సాధన చేయాలి.

మూడోది, కారణాన్ని బట్టి ఎవరిని కలవాలో తెలియడం. వలస వెళ్లే ఇల్లైతే సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లున్నాయి. బడి మానేసిన ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఊళ్లో సచివాలయంలో విద్యా సంక్షేమ సహాయకులున్నారు. బాల్య వివాహం, బాల కార్మికత్వం అనుమానముంటే 1098 ఉంది. కంటిచూపు మసకైతే కళ్లజోడు చాలు. ఈ పట్టిక ప్రతి బడి గోడ మీదా ఫోన్ నంబర్లతో సహా ఉండాలి.

నాలుగోది, మూడు వారాల తర్వాత మళ్లీ చూడడం. చేసిన పని ఫలించిందా? లేదంటే ఇంకోటి చేయాలి. మన దగ్గర ఎక్కువగా వదిలేసేది ఈ మెట్టే.

శిక్షణ ఇచ్చి వదిలేస్తే ఏమవుతుందో ఉత్తరాది రాష్ట్రాలు చూశాయి. పిల్లల చదివే స్థాయిని ఓ చిన్న పరీక్షతో కొలిచి, తరగతిని బట్టి కాకుండా స్థాయిని బట్టి గుంపులు చేసి చెప్పే ప్రథమ్ సంస్థ పద్ధతి తెలిసిందే. బిహార్, ఉత్తరాఖండ్‌లలో టీచర్లకు శిక్షణ, సామగ్రి మాత్రమే ఇచ్చి వదిలేసినప్పుడు పెద్దగా ఫలితం రాలేదు. అదే హర్యానాలో రోజుకో గంట దీనికే కేటాయించి, బడులకు వెళ్లి తోడుండే సిబ్బందిని పెట్టాక, అదే ప్రభుత్వ టీచర్లతో పిల్లల హిందీ చదువు మెరుగుపడింది. తేడా తెచ్చినవి ఆ ఒక్క గంట సమయం, పక్కన నిలబడే ఒక మనిషి.

'టైమెక్కడుంది సార్?'

టీచర్లు అడిగే ఈ ప్రశ్నలో న్యాయముంది. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకునే బడిలో కొత్తగా ఇంకో పని అంటే ఎవరైనా చేతులెత్తేస్తారు. కాబట్టి ఇది అదనపు పనిగా రాకూడదు. ఉన్న పనుల్లో ఒకటి తీసేసి దాని స్థానంలో రావాలి. యాప్‌లో ఇప్పటికే హాజరు నింపుతున్నారు కదా.. నెలాఖరున ఆ టీచర్‌కే ఐదు పేర్లు, వాళ్లు రాని తేదీలు ఒక పేజీలో తిరిగొచ్చేలా చేస్తే చాలు. టీచర్ కొత్తగా నింపాల్సింది ఏమీ ఉండకూడదు.

కూర్చుని మాట్లాడుకోవడానికి వేదిక కూడా ఉంది. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఇప్పుడు ఎక్కువ సమయం సర్క్యులర్లు చదవడానికే పోతోందని టీచర్లు అనే మాట మనకు కొత్త కాదు. అందులో గంటసేపు 'మన పిల్లలు' అని పెట్టి, ఒక్కో టీచర్ ఒక్కో పిల్లాడి సంగతి పేరు చెప్పకుండా వివరించి, మిగతావాళ్ల సలహా తీసుకుంటే అదే అసలైన శిక్షణ. ప్రాథమిక పాఠశాల నుంచి హైస్కూలుకి మారే ఐదో తరగతి పిల్లల వివరాలు చేతులు మారాల్సింది కూడా అక్కడే. చాలామంది జారిపోయేది ఒక బడి దాటి ఇంకో బడిలో చేరే ఆ రెండు నెలల్లోనే కదా.

పేరు పడితే అది మచ్చ కాకూడదు

ఇంకో జాగ్రత్త. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం పదేళ్లుగా కంప్యూటర్ అంచనాల వ్యవస్థ నడిపింది. ఏ పిల్లలకు ప్రమాదం ఎక్కువో అది బాగానే వరుసపెట్టింది. అయినా దానివల్ల చదువు పూర్తిచేసేవాళ్లు పెరిగారనడానికి ఆధారం దొరకలేదని 2023లో పరిశోధకులు తేల్చారు. పైగా అదే ఏడాది వచ్చిన ఓ పత్రికా పరిశోధన ప్రకారం, 'వీళ్లు సమయానికి చదువు పూర్తిచేయరు' అని అది చెప్పినప్పుడల్లా దాదాపు నాలుగింట మూడొంతులు తప్పే అయింది. నల్లజాతి, హిస్పానిక్ పిల్లల విషయంలో ఆ తప్పు ఇంకా ఎక్కువ.

మన దగ్గర ఇది ఎలా మారుతుందో ఊహించడం కష్టమేం కాదు. కులం, పేట, తండ్రి పని చూసి 'వీడు ఎలాగూ మానేసేవాడే' అని ముద్ర వేసే ప్రమాదముంది. ఆ జాబితా ఎవరో వాట్సాప్ గ్రూపులో పెడితే ఊరంతా తిరుగుతుంది. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే. వాళ్ల సమాచారానికి ప్రత్యేక రక్షణ ఉంది. విద్యాసంస్థలకు కొన్ని మినహాయింపులున్నా, అవి చదువు అవసరాల కోసమే తప్ప గ్రూపుల్లో పంచుకోవడానికి కాదు. జాబితా క్లాస్ టీచర్, హెడ్మాస్టర్ దాటి పోకూడదు. ఏడాది చివర ఆ పేర్లు చెరిగిపోవాలి. పిల్లాడు నిలదొక్కుకున్నాక కూడా ఆ ముద్ర వెంట రాకూడదు.

అంగలూరు పక్కనే ఉంది

కృష్ణా జిల్లాకు సంబంధించినంతవరకు ఈ పని ఎక్కడ మొదలుకావాలో వెతుక్కోనక్కర్లేదు. గుడివాడకు కూతవేటు దూరంలో, గుడ్లవల్లేరు మండలం అంగలూరులో జిల్లా విద్యా శిక్షణ సంస్థ ఉంది. తరతరాల టీచర్లు అక్కడ తయారయ్యారు. ఈ డెల్టా పంటలు, చెరువులు, వేట, వరద.. అన్నీ తెలిసిన టీచర్లు చుట్టుపక్కలే ఉన్నారు. కిందటేడాది మెగా డీఎస్సీతో రాష్ట్రంలో దాదాపు 16 వేల మంది కొత్త టీచర్లు కూడా చేరారు. ఫోన్ వాడకం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. హాజరు పట్టీని నిలువుగా చదవడం, "ఏమైందమ్మా?" అని అడగడం మాత్రం నేర్పాలి. మొదటి రెండేళ్లలో ఆ అలవాటు పడితే ముప్పై ఏళ్లు ఉంటుంది.

ప్రభుత్వం చేయాల్సింది ఇంకా ఉంది. నింపిన లెక్క నింపినవాళ్లకే తిరిగి చేరాలి. సాయం కోసం వాడే హాజరును శిక్ష కోసం వాడకూడదు. ఎంఈవోలు బడికొచ్చినప్పుడు 'ఎంత శాతం నింపారు?' అని కాకుండా 'పోయిన నెల ఎవరింటికి వెళ్లారు, ఏం తెలిసింది?' అని అడగాలి. పైన అడిగే ప్రశ్న మారితే కింద చేసే పని దానంతట అదే మారుతుంది.

ఈలోగా ఏ ఉత్తర్వూ రాకపోయినా, ఏ శిక్షణా లేకపోయినా టీచర్లు రేపే చేయగలిగిన పని ఒకటుంది. హాజరు పట్టీ తీసి, జూన్ నుంచి ఇప్పటిదాకా ఒక్కో పేరు పక్కన ఖాళీగా ఉన్న రోజులు ఏ వారమో చూడండి. పది నిమిషాల పని. అందులో సోమవారాలు వరుసగా కనిపిస్తే, సాయంత్రం ఆ ఇంటికి ఓ ఫోన్ చేయండి.